తోతాపురి రేటు, మార్క్స్ పదకొండో సూత్రం

జూన్ వస్తే చిత్తూరు చుట్టుపక్కల జ్యూస్ ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. 2025లో ఆ బారులు కిలోమీటర్ల పొడవున సాగాయి. టోకెన్ జేబులో పెట్టుకుని రైతులు ట్రాక్టర్ల కిందే పడుకున్నారు. ఎండకు పైకాయ మగ్గిపోతుంది, బరువుకు అడుగుకాయ నలిగి రసం కారుతుంది, ఈగలు ముసురుతాయి. గేటు దాటేలోగా కాయ మెత్తబడితే ఆ నష్టం రైతుదే. టోకెన్ దొరకనివాళ్లు, అంతసేపు ఆగలేనివాళ్లు వ్యాపారులు కాయ కొనే ర్యాంపుల దగ్గర వచ్చినకాడికి దించేసి పోయారు. నిరుటి గుజ్జే అమ్ముడుపోలేదు, నిల్వలు అలాగే ఉన్నాయని ఫ్యాక్టరీలు అన్నాయి. చివరికి ప్రభుత్వం కలగజేసుకుని ఒక లెక్క కట్టింది: కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది, మొత్తం 12.

ఆ రోజుల్లో ఏ ఊళ్లో విన్నా ఒకటే మాట: ఈసారి కాయకు రేటు లేదు. ఈ మాటను కాస్త ఆగి చూడాలి. కాయకు మచ్చ వచ్చింది, కాయకు తీపి లేదు అన్నట్టే కాయకు రేటు లేదు అంటున్నాం. రేటు కాయలోనే పుట్టే గుణం అన్నట్టు. కానీ చెట్టు అదే, నేల అదే, మందు కొట్టిన చేయి అదే, కాయ రుచీ అదే. మారింది కాయ కాదు. ఎక్కడో విదేశంలో గుజ్జు కొనే వ్యాపారి, అతనికి అమ్మే ఫ్యాక్టరీ యజమాని, వాళ్లకు అప్పిచ్చే బ్యాంకు, ఇక్కడ కాయ కోసే కూలీ, తోట పెట్టిన రైతు... వీళ్ల మధ్య ఉన్న లెక్కలు మారాయి. మనుషుల మధ్య సంబంధం ఒక వస్తువుకు ఉన్న గుణంలా కనబడుతోంది. 1867లో వచ్చిన 'పెట్టుబడి' మొదటి సంపుటం మొదటి అధ్యాయంలోనే మార్క్స్ ఈ మాయను విప్పి చూపించాడు. మనిషి తన చేత్తో చేసిన విగ్రహానికి తానే మొక్కినట్టు, తన శ్రమతో పుట్టిన సరుకుకే మనిషి లోబడి బతుకుతున్నాడన్నది అక్కడ ఆయన చెప్పిన మాట సారాంశం. మార్క్స్ తత్వం అనగానే చాలామందికి గతితర్కం, అభావం అభావం చెందడం లాంటి బరువైన మాటలు గుర్తొచ్చి టెన్షన్ పడతారు. అసలు పని ఇక్కడ, రేటు లేదు అనే రెండు మాటల దగ్గరే మొదలవుతుంది.

ప్రపంచాన్ని మార్చడం గురించి ఆయన రాసిన వాక్యం అందరికీ తెలిసిందే. తత్వవేత్తలు ఇంతవరకు ప్రపంచాన్ని రకరకాలుగా వ్యాఖ్యానించారు, అంతే; అసలు సంగతి దాన్ని మార్చడం. లండన్‌లోని హైగేట్ శ్మశానంలో ఆయన సమాధి మీద చెక్కి ఉన్నది ఇదే. కానీ ఈ వాక్యం అచ్చు కోసం రాసింది కాదు. 1845లో, ముప్పై కూడా నిండని వయసులో, ఫోయర్‌బా అనే జర్మన్ తత్వవేత్త గురించి తనకోసం తాను నోటుపుస్తకంలో గీసుకున్న పదకొండు చిన్న సూత్రాల్లో చివరిది. మార్క్స్ 1883లో చనిపోయాక, 1888లో ఆయన స్నేహితుడు, సహరచయిత ఎంగెల్స్ వాటిని అచ్చు వేయించాడు.

దాన్ని విడిగా పట్టుకుని, చదువు చాలు, ఇక దిగండి అని అర్థం చెప్పుకునేవాళ్లు ఉన్నారు. ఇది తప్పు. ఆ వాక్యం రాసిన మనిషే ఆ తర్వాత ఏళ్ల తరబడి బ్రిటిష్ మ్యూజియం చదువుల గదిలో కూర్చుని ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు తిరగేశాడు. వ్యాఖ్యానం వద్దనడం ఆయన ఉద్దేశం కాదు. వ్యాఖ్యానం సరైనదో కాదో తేలే చోటు వేరే ఉందన్నది ఆయన మాట. రెండో సూత్రం ఈ సంగతినే సూటిగా చెబుతుంది: మనిషి ఆలోచనలో నిజం ఉందా లేదా అన్నది సిద్ధాంత చర్చలో తేలదు, ఆచరణలో తేలాలి.

చిత్తూరు జిల్లా మెట్ట రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. బోరు వేసే ముందు ఒకరు అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతారు, అది నిలబడిన చోట నీళ్లున్నాయంటారు. ఇంకొకరు యంత్రం తెచ్చి రాతిపొరలు కొలుస్తారు. రిగ్గు దిగేదాకా ఇద్దరివీ మాటలే. అయితే ఒక్క బోరులో నీళ్లు పడినంత మాత్రాన టెంకాయ గెలిచినట్టూ కాదు. ఊరంతటా ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని ఎండిపోయాయి, ఒకరి బోరు లోతుకు పోతే పక్కవాడి బోరు ఎందుకు ఆగిపోయింది, ఇవన్నీ కలిపి చూస్తేనే అది ఆచరణ. మార్క్స్ దృష్టిలో ఆచరణ అంటే ఒక్కడు చేసే ప్రయోగం కాదు, సమాజం మొత్తం చేసే పని. మార్క్సిస్టులమని చెప్పుకునేవాళ్లు కూడా తరచు మరిచే తేడా ఇది.

ఫోయర్‌బా మీద మార్క్స్ ఫిర్యాదు ఇంకొకటుంది. ఫోయర్‌బా కూడా భౌతికవాదే, అంటే ఆలోచన కన్నా పదార్థమే ముందనేవాడే, కానీ ప్రపంచాన్ని ఎదురుగా ఉన్న బొమ్మలా చూశాడు. మనిషి పనిచేసి తయారుచేసిన ప్రపంచంగా చూడలేదు. ఆ తర్వాత ఎంగెల్స్‌తో కలిసి రాసిన 'జర్మన్ భావజాలం'లో దీనికి ఒక చెర్రీ చెట్టును ఉదాహరణగా ఇచ్చారు. కంటి ముందు కనబడుతోంది కాబట్టి అది ప్రకృతి అనుకుంటాం, కానీ దాదాపు అన్ని పండ్ల చెట్లలాగే చెర్రీని కూడా ఐరోపాకు తెచ్చి నాటింది వ్యాపారమే అన్నారు. చిత్తూరు నుంచి బంగారుపాళెం వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా కనబడే మామిడి తోటలూ అంతే. ఒకప్పుడు వర్షాధారంగా చెనక్కాయ వేసిన నేలల్లో చాలా భాగం ఇప్పుడు తోటలు. వానలు మొండికేయడం, కూలి ఖర్చు, పట్నాలకు వెళ్లిపోయిన పిల్లలు, దగ్గర్లో లేచిన జ్యూస్ ఫ్యాక్టరీలు, అన్నీ కలిసి ఆ చెట్లను నాటాయి. పచ్చగా కనబడే ఆ ప్రకృతి, చరిత్ర పండించిన పంట.

మార్క్స్‌ను తత్వశాస్త్రం నుంచి అర్థశాస్త్రం వైపు తిప్పింది కట్టెపుల్లలు. ఈ ముక్క ఆయనే 1859లో రాసిన ఒక ముందుమాటలో గుర్తు చేసుకున్నాడు. 1842లో ఆయన జర్మనీలోని రైన్ ప్రాంతపు పత్రికలో పనిచేస్తున్నప్పుడు, అడవిలో రాలిపడిన కట్టెలు ఏరుకోవడాన్ని కూడా దొంగతనం కింద కట్టే చట్టం గురించి అక్కడి సభలో చర్చ జరిగింది. పేదలు తరతరాలుగా ఏరుకుంటున్న కట్టె అది. ఆ చర్చ మీద రాసిన వ్యాసాల్లో మార్క్స్ ఒక ఉపమానం వేశాడు: పాము విడిచిన కుబుసానికి పాముతో ఎంత సంబంధమో, రాలిన కొమ్మకు చెట్టుతో అంతే సంబంధం. మరి అది అడవి యజమాని ఆస్తి ఎలా అయింది? చట్టం అందరికీ ఒకటే అనుకున్న, న్యాయశాస్త్రం చదివిన ఆ యువకుడికి, చట్టం గొంతులోంచి అడవి యజమాని గొంతు వినబడింది.

తిరుపతిలో ఈ వ్యాసాలు చదివేవాళ్లకు శేషాచలం గుర్తురాకుండా ఉండదు. ఎర్రచందనం కథ రాలిన కట్టెల కథ కాదు, ఇక్కడ నరికేది బతికున్న చెట్టును, అదీ ప్రపంచంలో ఈ కొండల చుట్టుపక్కల తప్ప సహజంగా పెరగని చెట్టును. దాన్ని కాపాడాల్సిందే. కానీ ఆ దుంగ ప్రయాణం చూడండి. కొండెక్కి గొడ్డలి పట్టేది తమిళనాడు కొండప్రాంతాల పేద కూలీ, మోసేదీ అతనే. కొండ దిగి రోడ్డు, రోడ్డు దాటి రేవు, రేవు దాటి విదేశం, ప్రతి మెట్టు దగ్గరా దుంగ విలువ పెరుగుతుంది, గొడ్డలి పట్టినవాడికి మాత్రం కూలి దగ్గరే ఆగిపోతుంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు, అది బూటకపు ఎదురుకాల్పులని హక్కుల సంఘాలు చెప్పాయి. ఆ వాదన ఎటు తేలినా ఒక ప్రశ్న మిగులుతుంది. ప్రాణం పోయింది గొలుసులో చిట్టచివరి కొక్కేనికే ఎందుకు? మార్క్స్ పద్ధతి ఈ ప్రశ్న దగ్గర ఆగనివ్వదు, గొలుసు మొత్తం పట్టి లాగమంటుంది.

తిరుపతిలో మార్క్స్ పేరెత్తితే వచ్చే మొదటి అభ్యంతరం మతం గురించే. మతం మత్తుమందు అన్నాడు కదా అంటారు. అన్నాడు. కానీ 1844లో అచ్చయిన ఆ పేరాలో ఆ మాటకు ముందున్న మాటలు ఎవరూ చెప్పరు. మతం అణగారిన ప్రాణి నిట్టూర్పు, హృదయం లేని లోకానికి హృదయం అన్నాడు. మతంలో కనబడే బాధ నిజమైన బాధకు వ్యక్తరూపం, ఆ బాధ మీద నిరసన కూడా అన్నాడు. సగం వాక్యం పట్టుకుని భక్తుణ్ణి తక్కువ చేసేవాడు మార్క్స్‌ను చదివినట్టు కాదు.

ఈ ఊరి దేవుడికి వడ్డికాసులవాడు అని పేరు. పెళ్లికోసం కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, ఆ వడ్డీ ఇంకా తీరుస్తూనే ఉన్నాడు అని జనం నమ్మకం. సావుకారు గడప తొక్కడం అంటే ఏమిటో తెలిసిన జనం, తమ దేవుణ్ణి కూడా తమలాంటి అప్పులవాడిగా ఊహించుకుని దగ్గరకు తీసుకున్నారు. హుండీలో కాసు వేసేటప్పుడు వాళ్లు ఆయన వడ్డీలో పాలు పంచుకుంటున్నారు. నిట్టూర్పు అంటే ఏమిటో దీనికన్నా బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

గంగ జాతర ఇంకా లోతైనది. కథ ప్రకారం తిరుపతి పాలెగాడు ఒకడు కంటబడిన ఆడపిల్లనల్లా చెరబట్టేవాడు. వాణ్ణి చంపడానికి పుట్టిన గంగమ్మకు భయపడి వాడు దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషంతో వెతికింది. చివరికి దొర వేషం వేసుకు వస్తే, దొర వచ్చాడనుకుని వాడు బయటకు వచ్చాడు, తల తెగింది. ఇప్పటికీ ఏటా వేసవిలో మగవాళ్లు చీరలు కట్టి, బొగ్గు, గంధం, కుంకుమ పూసుకుని, వేపమండలు పట్టుకుని వీధుల్లో తిరుగుతారు. బండ వేషం వేసినవాడు నోటికొచ్చినట్టు తిట్టవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. ఈ కథలో ఒక సూక్ష్మం ఉంది. పాలెగాణ్ణి బయటకు రప్పించింది బైరాగి వేషమో తోటి వేషమో కాదు, వాడికన్నా పైవాడి వేషం. అధికారం దేనికి తలవంచుతుందో, కింద ఉన్నవాళ్లకు బాగా తెలుసు. అలాంటి పాలెగాళ్లను నిజంగా ఎదిరించలేని కాలంలో జనం ఆ తెలివిని జాతరలో దాచుకున్నారు. భౌతికవాది పని ఆ జాతరను వెక్కిరించడం కాదు, అందులో దాగిన జ్ఞాపకాన్ని చదవడం. అయితే ఏడాదికి వారం రోజులు తిట్టే స్వేచ్ఛ ఇచ్చి, మిగతా రోజులు నోరు మూయించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. మత్తుమందు అన్న మాట అక్కడ వర్తిస్తుంది.

ఇక నిజంగా ఏం మారింది అంటే, అన్నిటికన్నా తేలిగ్గా చూపించగలిగేది గడియారం. 1847లో ఇంగ్లండ్‌లో ఆడవాళ్లకు, చిన్న వయసువాళ్లకు ఫ్యాక్టరీ పని రోజుకు 10 గంటలు దాటకూడదని చట్టం వచ్చింది. 1864లో మొదటి ఇంటర్నేషనల్ అనే అంతర్జాతీయ కార్మిక సంఘం ప్రారంభ సందేశంలో మార్క్స్ దాన్ని ఒక సూత్రం సాధించిన విజయమన్నాడు. యజమానుల అర్థశాస్త్రం మొదటిసారి శ్రామికుల అర్థశాస్త్రం ముందు ఓడిపోయిందన్నాడు. 1866లో ఆ సంఘం జెనీవా సభ 8 గంటల పనిదినాన్ని అడిగింది. 1886లో చికాగో కార్మికులు ఆ 8 గంటల కోసమే సమ్మె కట్టారు. 1923 మే 1న మద్రాసు సముద్రతీరంలో సింగారవేలు చెట్టియార్ ఈ దేశంలో మొదటి మేడే జరిపాడు. చిత్తూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లా, కాబట్టి అది పరాయి ఊరి సంగతి కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది.

గీత చెరగనిదేమీ కాదు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచడానికి చట్టం సవరించాలని నిర్ణయించింది. పెట్టుబడులు రావాలంటే తప్పదన్నది ప్రభుత్వ వాదన. సత్యవేడు దగ్గర శ్రీసిటీ పారిశ్రామికవాడలో పనిచేసే ఒక అమ్మాయిని ఊహించుకోండి. చీకటితోనే ఊరి మలుపు దగ్గర కంపెనీ బస్సు ఎక్కుతుంది. పోయి రావడానికి పట్టే టైమ్ పనిగంటగా లెక్కలోకి రాదు. కాగితం మీద ఒక్క గంట పెరిగితే, ఆమె రోజులో తగ్గేది నిద్రో, చదువుకుందామనుకున్న డిగ్రీయో, తల్లితో మాట్లాడే మాటో. కూలికి మించి కార్మికుడు చేసిన పని నుంచి యజమానికి మిగిలేదే అదనపు విలువ; ఆ పదం పుస్తకంలో పొడిగా ఉంటుంది, గడియారం దగ్గర దానికి ప్రాణం వస్తుంది. కూలి ఎంత అన్నదే కాదు, మనిషి ఆయుష్షులో ఎన్ని గంటలు ఎవరివి అన్నది అసలు తగాదా.

ఈ ప్రాంతం నుంచే దీనికి గట్టి ప్రతివాదం కూడా పుట్టింది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా ఒకే మాట చెప్పాడు: మనిషి లోపల మారకుండా బయట తెచ్చే విప్లవాలన్నీ పాత హింసనే కొత్త పేరుతో తెస్తాయి. తన చుట్టూ కట్టిన సంస్థను 1929లో తానే రద్దు చేసిన మనిషి మాట కాబట్టి దానికి బరువుంది. ఇరవయ్యో శతాబ్దపు విప్లవాలను చూసినవాళ్లెవరూ దాన్ని తోసిపారేయలేరు. అయితే లోపలి మార్పు ఎవరికి, ఏ తీరికలో వస్తుందన్న ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు పలచన. అడుగడుగునా అప్పు తరుముతున్న మనిషిని ముందు నిశ్శబ్దంగా నిన్ను నువ్వు గమనించుకో అనడం సగం మాటే.

ఆశ్చర్యమేమిటంటే మార్క్స్ మూడో సూత్రం ఈ చిక్కుముడినే పట్టుకుంది. పరిస్థితులే మనిషిని తయారుచేస్తాయి అనేవాళ్లు, ఆ పరిస్థితులను మార్చేదీ మనుషులేనని, చదువు చెప్పేవాడు కూడా చదువుకోవాలని మరిచిపోతారు అన్నాడు. అలా మరిచిపోతే సమాజం రెండు ముక్కలవుతుంది, ఒక ముక్క మిగతా సమాజం నెత్తి మీద కూర్చుంటుంది. పరిస్థితులు మారడం, మనిషి తాను మారడం, ఈ రెండూ ఒకే పనిలో జరగాలి. దాన్నే ఆయన విప్లవాత్మక ఆచరణ అన్నాడు. మొత్తం మార్క్స్ తత్వంలో పదకొండో సూత్రం కన్నా విలువైనది ఇదేనని ఈ వ్యాసం అభిప్రాయం.

ఎందుకంటే సోవియట్ కథను చదవడానికి తాళంచెవి ఇక్కడుంది. 1917 విప్లవం జరిగిన కొన్ని రోజులకే 8 గంటల పనిదినాన్ని చట్టం చేసింది. వలస దేశాల్లో కోట్లమందికి ధైర్యమిచ్చింది. అదే రాజ్యంలో 1932, 33లలో కరువుకు లక్షలమంది రైతులు ఆహుతయ్యారు, 1937, 38లలో సొంత కమ్యూనిస్టులనే వేలకొద్దీ చంపుకున్నారు, 1991లో అది కూలిపోయినప్పుడు కాపాడుకోవడానికి కార్మికులు వీధుల్లోకి రాలేదు. శత్రువుల కుట్ర అని సరిపెట్టుకోవడం మార్క్సిజం కాదు. చదువు చెప్పేవాడు తాను చదువుకోవడం మానేశాడు, పార్టీ సమాజం నెత్తి మీద కూర్చుంది. 1845 నాటి నోటుపుస్తకంలో ఈ ప్రమాదం రాసే ఉంది.

తెలుగు నేల మీద ఆ పాఠం ఇంకో రూపంలో వచ్చింది. ఇక్కడ కమ్యూనిస్టుల పోరాటం చిన్నది కాదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ పోరాటం వేల ఊళ్లలో భూమిని కదిలించింది. మద్రాసు వైపు 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీందారీల పాత అధికారం అలాంటి చట్టాలతోనే కాగితాల్లోకి వెళ్లిపోయింది. 1973లో భూపరిమితి చట్టం. కానీ జమీందారు పోయినా దళితవాడ వాడగానే మిగిలింది. కులం అంటే శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే రాశాడు. తెలుగు మార్క్సిస్టుల్లో చాలామంది ఆ మాటను గట్టిగా వినడానికి 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతలు జరగాల్సి వచ్చింది. వర్గం తేలితే కులం దానంతట అదే పోతుందన్న వ్యాఖ్యానం ఆచరణ ముందు నిలబడలేదు. రెండో సూత్రాన్ని నమ్మేవాళ్లు ఆ ఓటమిని ముందుగా ఒప్పుకోవాల్సింది.

తోతాపురి ట్రాక్టర్ల దగ్గరకు తిరిగి వస్తే ఇదంతా కంటికి కనబడుతుంది. గిట్టుబాటు ధర కోసం ధర్నాకు కూర్చున్నవాళ్లలో తోట యజమానులున్నారు, గుత్తకు తీసుకున్నవాళ్లున్నారు, కౌలుదార్లున్నారు. గెడలు పట్టుకుని చెట్టెక్కి కాయ కోసి, గంపలు మోసి ట్రాక్టర్ నింపిన దళితవాడ కూలీలు అక్కడ తక్కువగా కనబడతారు. ఫ్యాక్టరీ ముందు రైతుదీ కూలీదీ ఒకే కష్టంలా కనబడుతుంది, తోటలో కూలి లెక్క తేల్చేటప్పుడు అది రెండుగా విడిపోతుంది. ఈ రెండు నిజాలనూ ఒకేసారి పట్టుకోవడమే గతితర్కం. పుస్తకాల్లో పెద్దపెద్ద మాటలతో చెప్పేదాని అర్థం ఇంతే.

కౌలుదారు సంగతి ఇంకా నలిగిన సంగతి. 2019లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే భూమి యజమానితో 11 నెలల ఒప్పందం ఉండాలి, దాని మీద యజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే రేపు భూమి మీదకు వస్తాడేమోనని యజమాని భయం. సంతకం అడిగితే వచ్చే ఏడు తోట ఇవ్వడేమోనని కౌలుదారు భయం. చట్టం మారింది, కార్డు అచ్చయింది, ఖాళీ గడి మాత్రం ఇద్దరి మధ్య అలాగే ఉంది.